పెద్దిరాజు కిటికీ సీటు దిగ్విజయము

స్వస్తి. సమస్త శాలిక్షేత్ర విరాజితమూ, నారికేళవన ఛత్రచ్ఛాయా శీతలమూ, అడుగుకో కాలువా కాలువకో వంతెనా గల గోదావరీ మండలమందు, 1998వ సంవత్సరం కార్తీకమాసంలో ఒకానొక ఆదివారం సాయంకాలమున, మండపేట యాత్రా బస్సులో ఇరవై మూడో నెంబరు కిటికీ సీటు నిమిత్తం జరిగిన మహాసంగ్రామాన్ని కీర్తించబోతున్నాను. కాఫీ తాగేవారు తాగుతూనే వినవచ్చు.

ఆ బస్సు నుదుట 'ఒక్కరోజులో చారిత్రక స్థలములు' అని గుడ్డపట్టీ కట్టి ఉంది. ద్రాక్షారామ భీమేశ్వరుణ్ణి సేవించి, బిక్కవోలులో చాళుక్యుల గుళ్లు దర్శించి, ధవళేశ్వరం ఆనకట్ట దాటి కొవ్వూరు చేరి, అక్కడి నుంచి పెద్ద వంతెన మీదుగా రాజమండ్రి వచ్చి ఇళ్లకు మరలడం వ్యూహం.

అందులో మన కథానాయకుడు పెద్దిరాజు. దశ ఎకర మాగాణీ మండలేశ్వరుడు, ధాన్యపు బస్తా ధారణ దక్ష భుజస్కంధుడు. అతని పక్కన మాతృమూర్తి సుబ్బాయమ్మ, డెబ్బై రెండేళ్ల మనిషి. పద్నాలుగో ఏట పుట్టింటి నుంచి కొవ్వూరులో పడవెక్కి, కొత్త పెళ్లికూతురుగా రాజమండ్రి రేవులో దిగింది. తరువాత ఎన్నిసార్లు గోదావరి దాటినా జనం మధ్య నిలబడే దాటింది. ఆ రేవును వంతెన మీద నుంచి ఒక్కసారి కళ్లారా చూడాలన్నదే ఆమె కోరిక. ఇవాళ కూడా ఆమెకు నడవ పక్క సీటే దక్కింది.

కొవ్వూరులో టీ కోసం బస్సు ఆగినప్పుడు పెద్దిరాజు అడిగాడు. "పొద్దుట్నుంచి అన్నీ చూశావా అమ్మా?"

"చూశాన్రా. జనాల మోచేతులు. రకరకాలున్నాయి."

ఆ పలుకు వాడిబాణమై అతని గుండెలో దిగబడింది. టీ గ్లాసు దక్షిణ హస్తమున ధరించి, పశ్చిమాద్రి వైపు వాలుతున్న సూర్యుణ్ణి సాక్షిగా నిలిపి, అతడు మనసులో ఇలా గర్జించాడు: "ఓ గౌతమీ మాతా, వినుము. నీ వంతెన దాటులోగా నా తల్లిని వాతాయన సింహాసనమున అధిష్ఠింపజేయనేని, ఇక ఈ జన్మలో యాత్రా బస్సు టిక్కెట్టు కొనను."

తక్షణమే భుజాన ఉన్న జరీ కండువా తీసి, గిరగిర తిప్పి, బయటి నుంచి కిటికీలోకి విసిరాడు. ఖాళీ సీటు మీద కండువా పడిందంటే ఆ సీటు కండువాదే. ఈ న్యాయం ఎంత పాతదో చెప్పే శాసనం ఇంకా దొరకలేదు గాని, ఈ సీమలో దాన్ని కాదన్నవాడూ లేడు.

అయితే సీటు ఖాళీగా లేదు. అక్కడ తెల్లవారినప్పటి నుంచి ఒక నాలుగు గిన్నెల కేరేజీ కొలువై ఉంది. దాని స్వామిని వీరవేణి, మండపేట చేపల బజారులో బేరమాడ వచ్చిన వీరులెందరినో వెనుదిరిగేలా చేసిన నారీమణి.

"కేరేజీ మీద కండువా వేశారేంటండీ? కిందున్నదే ముందొచ్చినట్టండి," అంది ఆమె.

"నాక్కాదండి, మా అమ్మకండి. పెళ్లికూతురుగా పడవ దిగిన రేవు చూడాలంటందండి."

వీరవేణి అస్త్రసన్యాసం చేసింది. "ఆ మాట పొద్దుటే చెప్పొచ్చు కదండీ." కండువాను సీటు మీదే వదిలి, కేరేజీ ఎత్తి చంకన పెట్టుకుని పక్కకు తప్పుకుని నిలబడింది. "రండి మామ్మగారూ, కూర్చోండి."

టీలు ముగిసి అందరూ ఎక్కాక బస్సు కదిలి వంతెన మీదికొచ్చింది. యుద్ధం ముగిసిందని పెద్దిరాజు మీసం మీద చెయ్యి వేశాడు. పాపం, అసలు శత్రువు ఇంకా రంగంలోకి దిగలేదు. ఆ శత్రువు పేరు మొహమాటం, దాని నివాసం సుబ్బాయమ్మ నాలుక.

"అబ్బే, వద్దమ్మా. నువ్వు కూర్చో. నాకు నిలబడితేనే హాయి."

ఇరవై దీపస్తంభాలు వెనక్కి పోయాయి.

"కూర్చోండి మామ్మగారూ."

"ఎందుకు తల్లీ, చూసిన గోదారేగా."

ఇంకో నలభై పోయాయి. నడిమధ్య ఇసుకతిన్నెలు వచ్చాయి, వెళ్లాయి. పెద్దిరాజుకు చెమటలు పట్టాయి. "అమ్మా, రేవు వచ్చేస్తందే," అన్నాడు చెవిలో.

"ఉండరా. అడగ్గానే కూర్చుంటే ఏమనుకుంటారు."

"కూర్చోండంటుంటే," అంది వీరవేణి మూడోసారి.

"ఎండ పడుద్దేమోనమ్మా." ఎండ అప్పటికి బస్సు వెనకాల చల్లబడి ఉంది.

అవతలి ఒడ్డు ముంచుకొచ్చింది. ముమ్మారు వద్దన్నాక మర్యాద పూర్తయినట్టేనని ఎరిగిన వీరవేణి ఇక మాట ఖర్చు చేయలేదు. ఆ పెద్దావిడ రెండు భుజాలూ పట్టి, కిటికీ పక్కన కూర్చోబెట్టేసింది.

సుబ్బాయమ్మ చువ్వ పట్టుకుని బయటికి చూసింది. దూరాన కమాను వంతెన, దాని ఇవతల రేవు, రేవులో మెట్లు, మెట్ల మీద ఎవరివో బట్టలు.

"అవేరా. ఆ మెట్లే. దిగుతూ జారాను. మీ నాన్న నవ్వాడు."

బస్సు వంతెన దిగింది. రేవు ఇళ్ల వెనక్కి పోయింది. మొత్తం ముప్పావు నిమిషం.

వెంటనే సుబ్బాయమ్మ లేచింది. "నీ సీటు నువ్వు తీసుకో తల్లీ."

"అబ్బే, వద్దండి మామ్మగారూ. మీరే కూర్చోండి," అంది వీరవేణి.

కాబట్టి లోకులారా, తెలియుడు. ఆ సాయంకాలం పెద్దిరాజు అనే వీరుడు తల్లి కోసం ముప్పావు నిమిషపు సామ్రాజ్యాన్ని గెలిచాడు. అటుపిమ్మట ఇద్దరు స్త్రీలూ ఒకరినొకరు కూర్చోమంటూ నిలబడగా, ఇరవై మూడో నెంబరు సింహాసనం మీద మండపేట దాకా ఏకచ్ఛత్రంగా ప్రయాణించింది ఆ కండువా ఒక్కటే.