మా ఇంటి కప్పుకు మూడు ఇంగ్లీషు మాటలు

ఇంగ్లీషువాడు మనకు వదిలిపోయిన వాటిలో రైలుకంటే గొప్పది 'మచ్ బెటర్'! దాని తోబుట్టువులు 'ఫార్ బెటర్', 'వే బెటర్'. ఎక్కడ ఏది వాడాలో తెలిస్తే చాలు, జన్మలో ఎవరితోనూ పోట్లాడే పని ఉండదు.

నమ్మరా? తమిళనాడు గుడియాత్తంలో నా కొత్త ఇల్లు చూడండి. కట్టినవాడు మా ఆవిడ వళ్ళికి అన్న, ధనపాల్ మేస్త్రి. మా వాళ్లలో ఇంటికో మేస్త్రి ఉంటాడు. పని బయటివాడికిస్తే బంధువులు పెళ్లికి పిలవరు. సొంతవాడి పనికి వంక పెడితే పెళ్లాం మాట్లాడదు.

మొదటి వానకే కప్పు కారింది, సరిగ్గా మా అమ్మ మంచం మీద. ధనపాల్ వచ్చి సిమెంటు పూసి, వాన వెలిశాక అడిగాడు. లోపల ఇంకా చుక్కలు పడుతూనే ఉన్నాయి.

"ఇప్పుడెట్లుండాది బావా?"

తెలుగులో నిజం చెబితే గొడవ. తమిళంలో చెబితే వీధికంతా తెలుస్తుంది. "మచ్ బెటర్" అన్నాను. పొంగిపోయాడు. దేనికంటే అని అడగనే లేదు!

రెండో వానకు బకెట్ నిండింది. ఈసారి ఏదో రసాయనం పూశాడు. మళ్లీ 'మచ్' అంటే ఏమీ మారలేదని తెలిసిపోదూ? 'ఫార్ బెటర్' అన్నాను. మూడో వానకు అమ్మ మంచం వంటింట్లోకి పోయింది. నేను 'వే బెటర్'కి పోయాను. వేలూరులో కాలేజీ చదివే మా మీనా, "అది సినిమాలకు, ఫోన్లకు వాడతారు నాన్నా, కప్పులకు కాదు" అంది. చదువుకున్నవాళ్లకు అన్నీ అనుమానాలే.

నిన్న ధనపాల్ సంబరంగా వచ్చాడు.

"నీకింత నచ్చింది గదా బావా, పైన ఇంకో అంతస్తు ఏస్తామా?"

నేను నాలుగో మాట వెతుక్కుంటుంటే వంటింట్లోంచి అమ్మ అంది: "నాయనా ధనపాలూ, ఇల్లు కారతానే ఉండాది. నా పక్క తడిసి మూడు వానలాయె."

పోట్లాటకు సిద్ధపడి కళ్లు మూసుకున్నాను. ధనపాల్ అరవలేదు. నా వైపు తిరిగి, "కప్పు వాలు తప్పుంటాది, నీళ్లు పోకుండా నిలబడతా ఉంటాయి. ముందే చెప్పింటే మొదటి వానకే సరిజేసింటా గదా బావా. ముసలామెను తడిపితివే" అన్నాడు. వళ్ళి కూడా అన్న పక్కనే నిలబడింది.

పని రేపటినుంచి. ఈ రాత్రికి అమ్మ నా మంచం మీద పడుకుంది, నేను బకెట్ పక్కన. బయట మళ్లీ వాన మొదలైంది.

"ఎట్లుండాది?" అని వళ్ళి లోపల్నుంచి అడిగింది.

"కారతా ఉండాది" అన్నాను.