పన్నెండో మనిషి

ఆ రోజుకి గైడమ్మ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా వంట ముగించడం, మధ్యాహ్నం అద్దం ముందు నిలబడి కథలన్నీ ఒకసారి చెప్పుకోవడం, సాయంత్రం ఆరున్నరకు పాత ఊరి గడియారస్తంభం దగ్గర ఉండడం. పన్నెండేళ్లుగా ఆమె అక్కడి నుంచే టూరిస్టులను వెంటబెట్టుకుని, ఏ ఇంట్లో ఏ దయ్యం ఉందో చెబుతూ సందులన్నీ తిప్పుతోంది. "దయ్యాల నడక" అని దానికి పేరు. గంటన్నర సేపు, ఆరు ఇళ్లు, ఏడు దయ్యాలు. ఒక ఇంట్లో అన్నదమ్ములిద్దరూ దయ్యాలే.

లేవగానే భర్తను పిలుద్దామని నోరు తెరిచింది. పాత తలుపు కదిలినట్టు కిర్రుమని చిన్న చప్పుడు వచ్చింది తప్ప మాట రాలేదు.

"ఏమైంది?" అన్నాడు భర్త.

ఆమె గొంతు చూపించింది.

"గొంతు పోయిందా? ఆ ముక్క నోటితో చెప్పొచ్చుగా, సైగలెందుకు?"

ఆమె చూసిన చూపుకి ఆయనకు విషయం అర్థమైంది.

ఆయనకు నీటి సరఫరా శాఖలో ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా పాత ఊళ్లో గుమ్మం గుమ్మానికీ వెళ్లి నీళ్ల మీటర్లు చూసి రాసుకుంటాడు. ఊరంతా "మీటర్ల బాబాయి" అంటుంది. మీటర్లో లేని అంకె రాయడు, కంటితో చూడని మాట చెప్పడు. ఇలాంటి మనిషికి దయ్యాల కథలు చెప్పే ఆవిడతో పెళ్లి ఎలా కుదిరిందని ఇరువైపుల బంధువులూ ఇప్పటికీ ఆశ్చర్యపోతుంటారు.

డాక్టరు టార్చి వేసి గొంతు చూసి, "మూడు రోజులు ఒక్క మాట మాట్లాడకూడదమ్మా. గుసగుసలు కూడా వద్దు" అన్నాడు. ఆమె పర్సులోంచి కాగితం తీసి గబగబా రాసి చూపించింది: "ఇవాళే ఇన్‌స్పెక్షన్."

అదీ అసలు చిక్కు. పర్యాటక శాఖ నుంచి ఒక ఇన్‌స్పెక్టరు మామూలు టూరిస్టులా వచ్చి ఆ సాయంత్రం నడక చూస్తాడు. మంచి రిపోర్టు రాకపోతే గైడుని తీసేసి, టూరిస్టుల చెవులకి రికార్డింగు తగిలించేస్తానని టూర్ల ఆఫీసు మేనేజరు నెల రోజులుగా అంటున్నాడు. రికార్డింగుకి జలుబు చెయ్యదనీ, సెలవు అడగదనీ ఆయన వాదన. ఒక్కో కథ కోసం ఒక్కో ఇంటి అరుగు మీద గంటలు గంటలు కూర్చుని పోగుచేసుకున్న మనిషి ఆవిడ. అవన్నీ ఒక డబ్బాలోకి పోవడం ఆమెకు బొత్తిగా ఇష్టం లేదు.

బాబాయి మేనేజరుకి ఫోను చేశాడు.

"రద్దు చెయ్యడం కుదరదండీ," అన్నాడు మేనేజరు. "ఎవరో ఒకరు తిప్పాలి. బాబాయ్, మీకు ఆ సందులన్నీ తెలుసుగా?"

"ఇళ్లు తెలుసు. దయ్యాలు తెలీవు."

"ఇళ్లు తెలిస్తే చాలు. దయ్యాలుండేది ఆ ఇళ్లల్లోనేగా! మీరు వచ్చెయ్యండి. ఆవిణ్ణి మాత్రం అటు కనపడనివ్వకండి. గైడుకి మాట పోయిందని రాసుకుంటే మన కొంప మునుగుతుంది."

మధ్యాహ్నమంతా గైడమ్మ కథలన్నీ ఎనిమిది కాగితాల మీద రాసిపెట్టింది. మధ్యమధ్యలో ఉప్పునీళ్లు పుక్కిలిస్తూ రాసింది. అందులో ఒక గ్లాసు బోర్లాపడి అక్షరాలు అక్కడక్కడా అలుక్కుపోయాయి. బాబాయి ఫ్యాను కింద ఆరబెట్టి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నువ్వు బయటికి రావొద్దు, ఎవరికీ కనపడొద్దు, హాయిగా పడుకో. చదవడమేగా, చదివేస్తాను" అని బయల్దేరాడు.

ఆమె పావుగంట పడుకుంది. తర్వాత మనసు ఒప్పలేదు. గొంతుకు గాలి తగలకుండా తెల్లటి శాలువా తల మీంచి కప్పుకుని, దూరం నుంచి చూసి వచ్చేస్తే ఏం పోతుందని తానూ బయల్దేరింది.

గడియారస్తంభం దగ్గర పన్నెండు మంది పోగయ్యారు. బాబాయి రెండుసార్లు లెక్కపెట్టి చీటీ మీద రాసుకున్నాడు. వాళ్లలో ఇన్‌స్పెక్టరు ఎవరో కనిపెట్టడం ఆయనకు కష్టమనిపించలేదు. పొడుగ్గా, కళ్లజోడు పెట్టుకుని, చేతిలో డైరీతో ఒకావిడ నిలబడి ఉంది. ఆయన "నమస్కారమండీ" అంటే టైము చూసి అది కూడా రాసుకుంది. మిగతా వాళ్లలో ఒక కొత్త జంట, ఒక కాలేజీ బృందం, బిస్కెట్లు తింటున్న లావుపాటి ఆయన ఒకరు.

"జాగ్రత్తమ్మా, మెట్టుంది. జాగ్రత్తమ్మా, గుంట ఉంది" అంటూ డైరీ ఆవిణ్ణి పువ్వులా నడిపించుకుంటూ మొదటి ఇంటి దగ్గరికి చేరాడు. పెరట్లో బావి ఉన్న పాత ఇల్లు అది. అప్పటికే చీకటి పడుతోంది. బాబాయి వీధి దీపం కింద కాగితం విప్పి గొంతు సవరించుకున్నాడు.

"నూరేళ్ల కిందట ఈ ఇంట్లో ఒక... ఒక కోడి ఉండేది."

"కోడా?" అన్నాడు కొత్త పెళ్లికొడుకు.

బాబాయి కాగితాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. "కో" ఉంది, "డ" లాంటిది ఉంది, ఆ తర్వాతదంతా ఉప్పునీళ్ల మరక. "కోడేనండి. ఇప్పటికీ తల లేకుండా బావి చుట్టూ తిరుగుతూ ఉంటుంది."

"తల లేని కోడి మార్కెట్లో రోజూ చూస్తామండీ. ఇది దయ్యం ఎందుకైంది?" అంది కాలేజీ బృందంలో ఒకమ్మాయి.

"అత్తగారు పెట్టే ఆరళ్లు భరించలేక..."

"కోడికి అత్తగారా?"

బాబాయి మళ్లీ కాగితంలోకి చూశాడు. అబద్ధం ఆడలేడు, కాగితం కాదనలేడు. "చివరికి ఒక ఉత్తరం రాసిపెట్టి బావిలో దూకేసింది. రాసిందనే ఉందండి ఇక్కడ. నేను చూళ్లేదు."

అందరూ పగలబడి నవ్వారు. డైరీ ఆవిడ ఒక్కతే నవ్వకుండా, "కోడి, ఉత్తరం, నాలుగు నిమిషాలు" అని రాసుకుంది. అది చూసి బాబాయి గుండె జారిపోయింది.

వీధికి అవతల కరెంటు స్తంభం పక్కన నిలబడి ఇదంతా వింటున్న గైడమ్మ పరిస్థితి ఇంకా ఘోరంగా ఉంది. ఆ కోడలి కథ ఆమెకు ప్రాణం. దాన్ని తన మొగుడు కోడిని చేసి చంపుతుంటే చూస్తూ ఊరుకోలేకపోయింది. రెండడుగులు ముందుకొచ్చి, ఆయన కంటపడాలని చేతులూపింది. ఆయన అటు వీపు పెట్టి ఉన్నాడు. ఇక ఉండబట్టలేక, తల లేనిది కోడి కాదని చెప్పడానికి తన తల చూపించింది, మెడ మీద అడ్డంగా చెయ్యి పెట్టి లాగింది, కోడలు అని తెలిసేలా శాలువా ముసుగు ముందుకు లాక్కుని తల దించుకుంది, బావి వైపు వేలు చూపించింది. చివరికి డాక్టరు చెప్పింది కూడా మరిచి "కోడలు!" అని అరవబోయింది. నోరు అంత పెద్దది తెరుచుకుంది. చప్పుడు మాత్రం రాలేదు.

ముందుగా చూసింది కొత్త పెళ్లికూతురు. "ఏవండీ... అక్కడ..." అంది. అటు వేలు చూపించింది. ఒక్కొక్కరే అటు తిరిగారు. నవ్వులు టక్కున ఆగిపోయాయి. లావుపాటి ఆయన చేతిలో బిస్కెట్ పొట్లం కింద పడింది. ఆయన దాన్ని తీసుకోలేదు, ఎవరికీ చెప్పలేదు, వెనక్కి తిరిగి కాళ్లకు బుద్ధి చెప్పాడు. ఆ శరీరంలో అంత వేగం ఉందని బహుశా ఆయనకు కూడా అప్పటిదాకా తెలిసి ఉండదు.

బాబాయి తిరిగి చూసేసరికి, తాను కనపడకూడదన్న సంగతి గుర్తొచ్చి గైడమ్మ స్తంభం చాటుకు తప్పుకుంది.

"ఎవరూ లేరే!" అన్నాడాయన అమాయకంగా. ఆ మాటతో ఉన్న కాస్త ధైర్యం కూడా అందరికీ పోయింది.

ఇక కాగితాన్ని నమ్ముకుంటే లాభం లేదని బాబాయి దాన్ని జేబులో కుక్కేశాడు. రెండో ఇల్లు ఇరుకు సందు చివర ఉంది. తలుపుకి పెద్ద తాళం. ఈ ఇంటి సంగతి ఆయనకు బాగా తెలుసు. తెలిసిందే చెబుదామనుకున్నాడు.

"ఈ ఇంట్లో పదకొండేళ్లుగా ఎవరూ ఉండట్లేదండి. తాళం తియ్యగా చూసినవాళ్లు లేరు," అని మొదలుపెట్టాడు. "కానీ నెలకి ఇరవై వేల లీటర్ల నీళ్లు ఖర్చవుతున్నాయి."

అందరూ ఒకరికొకరు దగ్గరగా జరిగారు.

"మీటరు ఇప్పుడు కూడా తిరుగుతూనే ఉంటుంది. కావాలంటే చూడండి." టార్చి వేశాడు. నిజంగానే మీటరు లోపలి ముల్లు గిర్రున తిరుగుతోంది. "రెండుసార్లు పైపంతా తవ్వించాను. ఎక్కడా చిల్లు లేదు. లోపలికి వెళ్తున్న నీళ్లు ఎవరు వాడుతున్నారో నాకు ఇవాళ్టికీ తెలీదండి. ఈ ఇల్లు తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు."

అతిశయోక్తి లేదు, నటన లేదు. దశాబ్దం పైగా మనసులో మెలిపెడుతున్న బాధ ఆయన గొంతులో వినిపించింది. పెళ్లికూతురు మొగుడి చెయ్యి పట్టుకున్న పట్టుకి అతని వేళ్లు తెల్లబడ్డాయి.

"ఇక్కడ నేల జారుతుంది. ముందు అందరూ ఉన్నారో లేదో చూస్తాను," అని బాబాయి టార్చి ఒక్కొక్కరి మీదా వేస్తూ లెక్కపెట్టాడు. "...పదకొండు, పన్నెండు. సరిపోయింది."

"సార్," అన్నాడు పెళ్లికొడుకు నెమ్మదిగా. "ఒకాయన ఇందాకే పారిపోయాడు. మనం పదకొండు మందే ఉండాలి."

"కాదండీ, పన్నెండే. నా లెక్క ఎప్పుడూ తప్పదు," అని బాబాయి కాస్త నొచ్చుకుని టార్చిని మళ్లీ మొదటి నుంచి తిప్పాడు. పదకొండో మొహం డైరీ ఆవిడది. ఆ వెనక, తెల్ల శాలువా లోంచి, "కోడలు" అని రాసిన చీటీ ముందుకు చాపుతూ, పన్నెండోది.

"నువ్వా!" అన్నాడు బాబాయి కోపంగా. "నిన్ను బయటికి రావొద్దన్నానుగా!"

గైడు దయ్యాన్ని చనువుగా కసురుకోవడం చూశాక ఇక ఎవరికీ సందేహం మిగల్లేదు. సందుకి ఒక చివర ఆ శాలువా, రెండో చివర తాళం వేసిన తలుపు. పదకొండు మందీ కలిసి తలుపునే ఎంచుకున్నారు. పాతకాలపు కలప ఆ బరువుకి ఎంతసేపు ఆగుతుంది? తాళం తాళంగానే ఉంది, గొళ్లెం ఊడి వచ్చింది. అందరూ ఒకరి మీద ఒకరు లోపలికి పడ్డారు.

లోపల గోడ నుంచి గోడకి వరసలు వరసలుగా తెల్లటి ఆకారాలు మెల్లగా ఊగుతున్నాయి. వాటి మధ్య నుంచి, చేతులు ముందుకు చాచుకుని ఒక ఆకారం నడిచివస్తోంది. ఆ కేకలు గడియారస్తంభం దాకా వినిపించాయని తర్వాత చెప్పుకున్నారు.

బాబాయి ఒక్కడే అరవలేదు. నీళ్ల చప్పుడు వినిపించిన వైపు టార్చి వేశాడు. అక్కడ ఒక పైపు, దాని కింద నిండుగా పొర్లుతున్న తొట్టె, పక్కన సబ్బు పెట్టె. నడిచివస్తున్న ఆకారం తల మీది తడి దుప్పటి తీసేసింది. వీధి చివరి లాండ్రీ యజమాని. టూరిస్టుల్ని చూసి అతనికేం కాలేదు. బాబాయిని చూసి మాత్రం గజగజ వణికాడు.

"బాబాయ్! మీరా! చచ్చాను!" అని కాళ్ల మీద పడ్డాడు. "వెనక గోడకి దారి చేసుకున్నాను బాబాయ్. లాడ్జీల దుప్పట్లు. మా షాపులో చోటు లేదు."

"పదకొండేళ్ల నుంచా?" అన్నాడు బాబాయి.

"పదకొండేళ్ల నుంచే. నెలకి ఇరవై వేల లీటర్లు ఉంటాయేమో."

"ఇరవై వేల మూడు వందలు," అన్నాడు బాబాయి. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపంతో కాదు. ఆ రాత్రికి తను హాయిగా నిద్రపోవచ్చు.

కాలేజీ అమ్మాయి పెళ్లికూతురి చెవిలో, "మన గైడుని చూస్తే దయ్యానికే భయం!" అంది. డైరీ ఆవిడ నేల మీద కూర్చునే రాసుకుంటోంది.

మరునాడు మేనేజరు నుంచి కబురొచ్చింది. భార్యాభర్తలిద్దరూ దోషుల్లా వెళ్లి ఆయన ముందు కూర్చున్నారు. పక్క కుర్చీల్లో డైరీ ఆవిడ, లావుపాటి ఆయన ఉన్నారు. బాబాయి లేచి ఆవిడకు దణ్ణం పెట్టాడు.

"ఇన్‌స్పెక్టరు గారూ, తప్పంతా నాదండి. మా ఆవిడ కథలు ఎంతో బాగుంటాయి. కోడల్ని నేను కోడిని చేశాను. ఆవిణ్ణి మాత్రం తియ్యకండి."

"నేను ఇన్‌స్పెక్టర్ని కాదండీ. రికార్డింగు కంపెనీ నుంచి వచ్చాను. ఒక్కో కథ ఎన్ని నిమిషాలో లెక్కేసుకోవడానికి," అంది ఆవిడ. "మా వల్ల కాదని చెప్పడానికే వచ్చాను. కోడి కథ రికార్డు చేస్తాం. ఆ పన్నెండో మనిషిని చెవుల్లో ఎక్కడ పెట్టమంటారు?"

బాబాయి చుట్టూ చూశాడు. "మరి ఇన్‌స్పెక్టరు?"

లావుపాటి ఆయన ఇబ్బందిగా దగ్గాడు. "నేనే. ఇరవై ఊళ్లలో ఇలాంటి టూర్లు చూశానండి. ఎక్కడా ఆవలింతలు ఆపుకోలేకపోయాను. నిన్న ఇంటికెళ్లి తలుపులన్నీ వేసుకుని రిపోర్టు రాశాను." కాగితం మేనేజరు ముందుకు తోశాడు. అందులో ఒకటే వాక్యం ఉంది: "మొదటి ఇల్లు దాటి చూడలేకపోయాను, మొదటి ర్యాంకు ఇవ్వవలసినది."

మేనేజరు రెండు చేతులూ రుద్దుకున్నాడు. శనివారాలు నడిపించడం బాబాయే చెయ్యాలట, కోడి కథ అలాగే ఉంచాలట. గైడమ్మ శాలువా కప్పుకుని దూరం నుంచి నోరు తెరిస్తే చాలట.

గైడమ్మ కాగితం తీసుకుని రాసింది. మేనేజరు పైకి చదివాడు: "మాట్లాడే దయ్యమైతేనే చేస్తాను. నా కథ నేనే చెప్పుకుంటాను. కోడి కుదరదు."

మేనేజరు ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు. ఇన్‌స్పెక్టరు కుర్చీని కాస్త వెనక్కి జరుపుకుని గట్టిగా తలూపాడు. అక్కడికక్కడే కొత్త ఉత్తర్వు టైపయింది, జీతం కూడా పెరిగింది, హోదా దగ్గర "సీనియర్ దయ్యం" అని పడింది.

బతికున్న మనిషిగా పన్నెండేళ్లు ఎదురుచూసినా రాని ప్రమోషను, చచ్చిన మనిషిగా ఒక్క సాయంత్రం నిలబడేసరికి వచ్చింది.