మబ్బు మనది, వాన ఆల్ది

ఆ రోజు పొద్దున్న గణపతిరావు పెట్టుకున్న పని ఒక్కటే. మధ్యాహ్నం దాకా జీలుగువలసలో ఒక్క పొయ్యి కూడా రాజకుండా చూడాలి.

పని చిన్నదే గాని, చేసే మనిషి గణపతిరావు కావడంతో ఎండ ఎక్కేసరికే సగం ఊరు అతనితో మాటలు మానేసింది. అతను సర్పంచి కాడు, ఊరి పెద్దా కాడు. అందరికంటే గట్టిగా అరవగలడు, అంతే. ఆ ఏడు వానదేవుడి మీద మొదలైన అతని కోపం ఆఫీసులన్నీ తిరిగి తిరిగి చివరికి ఊళ్ళో పొయ్యిల మీద పడింది.

కోపం రాకేం చేస్తుంది? ఊరి వెనకాలే పొత్రకొండ. రోజూ మధ్యాహ్నానికి దానిమీద మబ్బు కమ్ముకుంటుంది. నల్లగా, నిండుగా, ఇప్పుడో ఇంకాసేపటికో అన్నట్టు కూర్చుంటుంది. సాయంత్రానికి ఏమీ ఎరగనట్టు లేచి వెళ్ళిపోతుంది. కొండ కింద గణపతిరావు ఆకుమడి నెర్రెలిచ్చి, వరినారు చివర్లు మాడి గడ్డిరంగుకు తిరిగింది. ఆ నారునే అక్కడ ఆకు అంటారు. ఆకు ఉంటేనే ఉడుపులు, ఉడుపులైతేనే ఇంట్లో ఏడాది తిండి. ఇంకో వారం తడి తగలకపోతే ఈ ఏడు పొలం బీడే. అన్ని నీళ్ళు నెత్తిన పెట్టుకుని కళ్ళెదుటే వెళ్ళిపోయే మబ్బుని చూస్తే ఎంత శాంతమూర్తికైనా ఒళ్ళు మండుతుంది. గణపతిరావు శాంతమూర్తి కూడా కాదు.

అందుకే కనిపించిన ప్రతి ఆఫీసులోనూ అరిచి, మబ్బుల్ని పరీక్షించే మోహనకృష్ణ అనే అధికారిని ఊరికి రప్పించాడు. మబ్బులో మందు చల్లి వాన కురిపించే విమానం విశాఖపట్నంలో సిద్ధంగా ఉందట. కాకపోతే ప్రతి మబ్బూ పనికిరాదట. ఎత్తు చాలాలి, లోపల బాగా చల్లబడిన నీరుండాలి, కింది గాలి పైకి తన్నాలి. ఇవన్నీ ఉన్నాయని మోహనకృష్ణ చెబితేనే విమానం లేస్తుంది.

"పొగ మాత్రం ఉండకూడదండి" అని ముందురోజే చెప్పాడాయన. "పొగ మబ్బులోకి ఎక్కితే నీటి చుక్కలు మరీ సన్నమైపోతాయి. ఒకదాన్నొకటి అంటుకుని బరువెక్కవు. ఇంక మందు చల్లినా దండగే."

ఆ మాటతో గణపతిరావు మొదట ఆపించింది జాకరమ్మ పండగని. వానలివ్వమని కొండ నడుముకు వెళ్ళి, అమ్మవారికి కోళ్ళూ మేకలూ ఇచ్చి, అక్కడే వండుకు తినడం ఆ ఊరి ఆనవాయితీ. ఆ ఏడు పండగ సరిగ్గా ఆ రోజుకే పెట్టుకున్నారు.

"అమ్మోరికి కోపమొస్తాదిరా" అన్నాడు జగన్నాధం. పండగకని మేకను తెచ్చి వాకిట్లో కట్టేసుకున్నవాడు అతను.

"నాకు రానేదేటి? ముందు నా కోపం సంగతి సూడు" అన్నాడు గణపతిరావు.

తరవాత ఇళ్ళ మీద పడ్డాడు. గ్యాసు పొయ్యికి పొగ ఉండదని ఒక కోడలు చెప్పబోతే "ఆవిరుంటాది కదా, అదీ మబ్బుకే పోతాది" అని నోరు మూయించాడు. ఊరంతా చద్దన్నంతో సరిపెట్టుకుంది. చద్దన్నం లేనివాళ్ళు తిట్లతో సరిపెట్టుకున్నారు. అరుగు మీద ముసలి లక్ష్మణమ్మ అడ్డపొగ కాలుస్తోంది. అంటే చుట్టని నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీలుస్తోంది.

"అత్తా, సుట్ట ఆర్పీ."

"నిప్పు నా నోట్లో ఉంటే నీకేటి నొప్పి? పొగ నా కడుపులోకి పోతాది గాని మబ్బుకి పోదు."

"నోరిప్పి మాటాడితే బైటికి రాదేటి?"

"అయితే నన్ను మాటాడించకు."

గణపతిరావు వెళ్ళి పక్కింటివాళ్ళ మీద అరిచాడు. ఈ హడావుడిలో తన భార్య దేముడమ్మ పొద్దున్నే బిందె పట్టుకుని కొండదారి వెంట ఎటు వెళ్ళిందో అడగడానికి అతనికి తీరిక దొరకలేదు.

మోహనకృష్ణ వచ్చి గణపతిరావు మడిగట్టు మీద తెల్లటి పెద్ద బుడగకి చిన్న డబ్బా కట్టి వదిలాడు. అది ఎగిరి మబ్బులో దూరింది. కాసేపటికి లాప్‌టాప్ మీద అంకెలు పరిగెత్తాయి. వాటిని చూసిన ఆయన ముఖం విప్పారింది.

"చాలా మంచి మబ్బండీ. ఇలాంటిది దొరకడం కష్టం. విమానం రావడానికి గంట పడుతుంది. అది లేచే ముందు ఇక్కడి గాలి ఇంకోసారి చూస్తాను."

ఆ మబ్బుని కని పెంచింది తనే అన్నంత పొంగిపోయాడు గణపతిరావు. "మందు సల్లినాక వాన ఎంతసేపటికి వస్తాది బాబూ?"

"అరగంటకి."

"అరగంటకి నా ఆకుమడి తడిసిపోద్దన్నమాట!"

మోహనకృష్ణ గాలివాటం చూశాడు, కొండ చూశాడు, మళ్ళీ లాప్‌టాప్ చూశాడు. నిజం చెప్పడం ఆయనకు చిన్నప్పటి నుంచీ ఉన్న దురలవాటు. "ఇక్కడ పడదండి. ఈ గాలికి మబ్బు కొండ దాటుతుంది. వాన అవతల తాడిమెట్టలో పడుతుంది."

తాడిమెట్ట దేముడమ్మ పుట్టిల్లు. అక్కడ ఆమె అన్న వెంకటరావు ఉన్నాడు. పొత్రకొండ మీంచి దిగే వాగు ఒకటుంది, గెడ్డ అంటారు. ఆ గెడ్డ నీళ్ళు ఏ ఊరి వైపు ఎంత మళ్ళాలన్న తగువులో రెండేళ్ళ కిందట బావాబావమరుదులు కర్రలు ఎత్తుకున్నారు. అప్పటి నుంచీ గణపతిరావు ఆ గుమ్మం తొక్కలేదు, ఇంట్లో ఆ ఊరి పేరు ఎత్తనివ్వలేదు.

"మబ్బు ఎవులిది?" అన్నాడు గణపతిరావు. గొంతు అప్పుడే లేస్తోంది.

"మీ కొండమీద పుట్టిందే."

"మిమ్మల్ని పిలిసిందెవులు?"

"మీరేనండి."

"పొద్దున్నించి పొయ్యి ఎలిగించకుండా మాడింది మేం. వాన ఎంకట్రావుకా?"

"వాళ్ళవీ ఎండుతున్నాయి కదండీ. ఇవాళ అక్కడ పడుతుంది. గాలి మారిన రోజు ఇక్కడ పడుతుంది."

"ఇమానాన్ని అటుపక్కనించి తోలితే మబ్బు ఇటు రాదా?"

"అది గేదె కాదండీ."

గణపతిరావు చెవులు ఎర్రబడ్డాయి. "ఆడి మడి తడిస్తే ఆడు నా మొకం సూసి నవ్వుతాడు బాబూ. నాకు వాన నేకపోయినా పర్నేదు. ఆడి నవ్వు మాత్రం నాను సూడ్నేను." ఇలా అనగలిగిన మనిషికి ఆకు ఎండటం న్యాయమేనని కథ చెబుతున్న నాకే అనిపిస్తుంది. కాని ఆకుమడి అతనొక్కడిదే కాదు కదా.

అతను ఊళ్ళోకి ఒక్క పరుగు తీశాడు. "ఎలిగించండి! పొయ్యిలన్నీ ఎలిగించండి! మన మబ్బుని తాడిమెట్టోలకి తోలేస్తన్నారు! పొగెట్టి సెడగొట్టీండి!"

పొద్దున్న వద్దన్నవాడే ఇప్పుడు వెలిగించమంటుంటే మామూలుగా అయితే ఎవరూ కదిలేవారు కారు. కాని అందరి కడుపులూ కాలుతున్నాయి, అందరికీ తాడిమెట్ట మీద గెడ్డ తగువు ఉంది. జగన్నాధం మేకను తోలుకుని కొండెక్కాడు. వెనకాల డప్పులు, గిన్నెలు, కోళ్ళు, ఊరు మొత్తం ఎక్కింది. పచ్చికొమ్మలు నరికి పొయ్యిల్లో కుక్కారు. వానలియ్యి తల్లీ అని జాకరమ్మకు మొక్కుతూ, ఆ వాన పడకుండా పొగ పెట్టారు. భూమ్మీద ఇంకే ఊరూ ఇంత తెలివితక్కువ పని చేసి ఉండదు.

"అత్తా, సుట్ట ముట్టించు" అన్నాడు గణపతిరావు లక్ష్మణమ్మతో. "ఈపాలి నిప్పు బైటికెట్టి కాల్చు. పొగంతా మబ్బుకే పోవాల."

లక్ష్మణమ్మ ఊరి కోసం ఆ త్యాగమూ చేసింది. అలవాటు లేని పని కావడంతో ఒకటే దగ్గు.

పొగ కొండని చుట్టేసింది. గాలిలో పొగ కొలిచే యంత్రం కూతపెట్టింది. మోహనకృష్ణ కళ్ళు నులుముకుంటూ అటూ ఇటూ పరిగెత్తాడు. "ఎవరండీ ఇది? ఆపండి! ఎవరండీ?" అని అరిచాడు. అరవడం ఆ ఊళ్ళో కొత్త కాదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. చివరికి కోపంతో ఫోను తీశాడు. "మబ్బు పనికిరాదు. విమానం ఆపేయండి."

గణపతిరావు ఆ రోజు మొదటిసారి నవ్వాడు.

ఆ నవ్వు ముఖం మీద ఉండగానే కొండదారి నుంచి దేముడమ్మ దిగింది. చంకలో ఖాళీ బిందె, మోకాళ్ళ దాకా బురద. "ఈ పొగేటి మావా? ఇమానం ఇంకా రానేదేటి?"

"రాదు. నానే ఆపించాను" అని జరిగిందంతా గొప్పగా చెప్పుకొచ్చాడు. "తాడిమెట్టలో సుక్క పడితే ఒట్టు!"

దేముడమ్మ చంకలో బిందె జారి కింద పడింది. "మన ఆకు తాడిమెట్టలోనే ఉన్నాది" అంది.

"ఏటి?"

"నీ ఆకుమడి ఎప్పుడో సచ్చింది. ఆ సంగతి నీకూ తెలుసు. సచ్చినదాని గట్టు మీద నిలబడి ఊరిమీద అరుస్తన్నావు. మిగిలిన ఇత్తనం నాను మా అన్నియ్యకిచ్చాను. ఆడి మడిలో పోసాడు. నూతిలో నీళ్ళు అడుగంటితే పొద్దున్నించి ఆడూ నానూ బిందెల్తో పోస్తన్నాం. మబ్బు తాడిమెట్టకే వస్తాదని గాలి సూసి ఆడు సెప్తే, ఆ కబురు నీకు సెప్దామని నవ్వుకుంటా వచ్చాను."

"నాకు ముందే ఎందుకు సెప్పనేదే?"

"సెప్తే ఆకు పీకి గట్టు మీద పడేద్దువు!"

అది నిజం. ఆ నిజం గణపతిరావుకి కూడా తెలుసు. ఒక్క పరుగున కొండెక్కి పొయ్యిలు తన్నబోయాడు. జగన్నాధం గరిటెతో అడ్డం నిలబడ్డాడు. "కూర సగం ఉడికింది. ఇప్పుడు ఆర్పితే నిన్నే ఏస్తాను ఇందులో." మోహనకృష్ణ కాళ్ళ మీద పడబోతే ఆయన ఆకాశం చూపించాడు. మబ్బు అప్పటికే తాడిమెట్ట దాటి ఒడిశా వైపు వెళ్ళిపోతోంది.

దేముడమ్మ అతన్ని చెయ్యి పట్టుకుని తాడిమెట్టకి లాక్కుపోయింది. వెంకటరావు మడిగట్టు మీద ఉన్నాడు. కళ్ళు పొగకి ఎర్రబడ్డాయో కోపానికో తెలియదు. అతను ఒక బిందె తీసి గణపతిరావు చేతిలో కుక్కాడు.

"తిట్టుకోడానికి సేలా టైముంది బావా. ముందు నీళ్ళు పొయ్యి."

గణపతిరావు మడివైపు చూశాడు. తన ఆకు జానెడెత్తున పచ్చగా ఉంది. దాన్ని ఆనుకుని ఉన్న వెంకటరావు సొంత ఆకుమడి ఎర్రబడిపోయింది. ఉన్న నీళ్ళు చెల్లెలి ఆకుకే పోశాడు. గణపతిరావుకి సిగ్గేసింది. తనమీద తనకే వచ్చిన ఆ కోపాన్ని ఎవరిమీద చూపించాలో తెలియక, చీకటి పడే దాకా వంచిన నడుం ఎత్తకుండా నీళ్ళు మోశాడు. మొదటి బిందె బావమరిది మడిలో పోశాడు.

రెండు ఊళ్ళవాళ్ళూ వెళ్ళి బతిమాలితే మోహనకృష్ణ వచ్చే గురువారం మళ్ళీ వస్తానన్నాడు. ఒకటే షరతు పెట్టాడు. ఆ రోజు గణపతిరావు ఈ రెండు ఊళ్ళలో ఎక్కడా ఉండకూడదు. నోటిమాట చాలదన్నాడు, రాసి సంతకాలు పెట్టమన్నాడు. గెడ్డ నీళ్ళ మీద ఏనాడూ కలవని రెండు ఊళ్ళూ ఆ కాగితం మీద నిమిషంలో కలిశాయి.

మొదటి సంతకం దేముడమ్మది.