వాన ప్రార్థనకు వాన ఆపేవాడు

"వానకూ ఒక క్రమశిక్షణ ఉండాలి!" అని మా జిల్లా ఏలిక, బుపాతి హాజీ దర్మాన్‌షాగారు మైకు ముందు సెలవిచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. మైకు పెట్టించింది నేనే. వేదికలు, కుర్చీలు, అన్నం పొట్లాలు, చప్పట్లు చూసుకునే విభాగం నాది. ప్రజాసేవ అంటే ఇదేనని ఉద్యోగంలో చేరిన రోజునుంచీ నా గట్టి నమ్మకం.

ఆరుబయట సభ పెడితే వాన ఆపేవాణ్ణి పిలవడం మా సుమత్రాలో మామూలే. పెళ్లివారు పిలుస్తారు, ఫుట్‌బాల్ పోటీలవాళ్లు పిలుస్తారు, ప్రభుత్వం తప్పనిసరిగా పిలుస్తుంది. మా జిల్లా ఆస్థాన వాన ఆపేవాడు సబ్రాన్ తాత. ఈనెపుల్లలకు పండుమిరపకాయలు గుచ్చి, వాటిని పందిరి వెనక నేలలో తలకిందులుగా పాతి, లవంగాల సిగరెట్టు వెలిగించి ఆకాశం మీదికి పొగ ఊదేవాడు. వాన వచ్చేది కాదు. "మబ్బులకి నేనంటే హడల్రా!" అని మీసం దువ్వేవాడు. ఆయనకు మీసం లేదు. ఉన్నట్టే దువ్వేవాడు.

బుకిత్ రింబున్ కొండమీద అడవి కొట్టేసి పామాయిల్ తోట వేసిన రోజున కూడా తాతే వాన ఆపాడు. బుపాతిగారు వానకు క్రమశిక్షణ బోధించింది ఆ సభలోనే. "అడవి ఆకుపచ్చ. తోటా ఆకుపచ్చే! ఒక పచ్చ తీసి ఇంకో పచ్చ పెట్టాం. ఇందులో నష్టమేమిటి?" అన్నారు. చప్పట్లు నేనే మొదలుపెట్టాను. తోట ఎవరిదని మాత్రం అడక్కండి. బుపాతిగారి బావమరిదిది.

ఆ తర్వాత వానకు నిజంగానే క్రమశిక్షణ వచ్చింది. పిలవని చోటికి రావడం మానేసింది! ఒక్కసారి మాత్రం వచ్చి, బోడికొండ మన్నంతా మోసుకొచ్చి ఊరి వరిమళ్లలో పోసి, మళ్లీ ముఖం చూపించలేదు. వాగు ఎండింది. నరికిన మోడులకు పెట్టిన నిప్పు నేల లోపల రాజుకుంటూనే ఉంది. పిల్లలు ముక్కుకు గుడ్డలు కట్టుకుని ఆ పొగలోనే బడికి వెళుతున్నారు. సబ్రాన్ తాత భార్య రొకాయా అవ్వ తోట కాలువలోని ఎరువు కంపు నీళ్లు వడగట్టుకు తాగి మంచం పట్టింది. మంచినీళ్లు తాగిస్తేనే మనిషి దక్కుతుందన్నాడు డాక్టరు. ఎక్కణ్ణుంచి తేవాలో మాత్రం చీటీలో రాయలేదు.

ఇంతలో, వాన ఎందుకు పడడం లేదో విచారించడానికి జకార్తానుంచి రెత్నో మేడమ్ అనే పెద్ద అధికారి వస్తున్నారని కబురొచ్చింది. బుపాతిగారు తొణకలేదు. సరిగ్గా ఆ రోజుకే మైదానంలో వాన కోసం సామూహిక ప్రార్థన ప్రకటించారు.

"రుస్లీ! ఏర్పాట్లన్నీ ఎప్పటిలాగే!"

"ఎప్పటిలాగే అంటే... వాన ఆపేవాడు కూడానా సార్?"

"ఇది ఆరుబయట సభ కాదా? కొత్త తివాచీ తడిస్తే ఆ ఎర్రరంగు దిగి నా తెల్లబూట్లకి అంటుతుంది. నీ బుర్రలో ఏముందయ్యా?"

"ప్రార్థన వాన కోసమే కదా సార్..."

"పడమను! నేనేమన్నా వద్దన్నానా? నా ఉపన్యాసం అయ్యాక పడమను!"

కబురు చెబితే సబ్రాన్ తాత నన్ను తినేసేలా చూశాడు. "ఒరే రుస్లీ, నీకు గానీ పైత్యం చేసిందా? మీ అవ్వ గుక్కెడు నీళ్లకి అలమటిస్తుంటే నేను వెళ్లి వాన ఆపనా?"

"నువ్వు రాకపోతే నా ఉద్యోగం ఊడుతుంది తాతా."

లోపలినుంచి అవ్వ గొంతు వినిపించింది. "వెళ్లవయ్యా, వెళ్లు! ఎప్పుడాపావు గనక ఇప్పుడాపడానికి? అన్నం పొట్లంతోపాటు నీళ్ల సీసా ఇస్తారు, అది పట్రా!"

తాత ముఖం మాడిపోయింది. అయినా బయల్దేరాడు.

మైదానంలో ఊరివాళ్లు ఆచారం ప్రకారం పైగుడ్డలు తిరగేసి కప్పుకుని, ఎండలో చేతులు చాచి ప్రార్థించారు. పందిరి నీడలో ఉన్న బుపాతిగారు తమ గుడ్డ తిరగేయలేదు. తిరగేస్తే జరీ లోపలికి పోతుంది కదా! ప్రార్థన ముగిసి ఉపన్యాసం మొదలైంది. అది ఎప్పటికీ ముగిసేలా లేదు.

అప్పుడొచ్చింది మబ్బు. పొగ కాదు, అసలైన నల్లమబ్బు! జనం ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. బుపాతిగారు చేత్తో మైకు మూసి నావైపు ఉరిమారు. "ఏం చేస్తున్నాడా ముసలాడు? నిద్రపోతున్నాడా?"

పందిరి వెనక్కి పరిగెత్తాను. తాత నిద్రపోవడం లేదు. మోకాళ్లమీద కూర్చుని మిరపకాయల పుల్లలన్నీ పీకి పారేస్తున్నాడు. సిగరెట్టును మట్టిలో పొడిచేశాడు. "రా తల్లీ, రా! నా పరువు పోతే పోయింది, ఒక్కసారి పడవే!" అని చేతులెత్తి ఏడుస్తున్నాడు. నేనూ చేతులెత్తాను. ఉద్యోగం సంగతి గుర్తే రాలేదు.

మబ్బు మైదానం దాటి కొండమీదికి పోయింది. అడవి ఉన్నరోజుల్లో అక్కడ ఆగి, చల్లబడి, దిగేది. ఇప్పుడు వరసలు కట్టిన ఆ తోటమీద పలచబడి, విడిపోయి, కనిపించకుండా పోయింది. ఒక్క చుక్క రాలలేదు.

"చప్పట్లు!" అన్నారు బుపాతిగారు మైకులో. "మన సబ్రాన్ తాత మళ్లీ గెలిచాడు!" తాతను వేదికమీదికి లాక్కొచ్చి భుజాన జరీగుడ్డ కప్పారు.

ముందు వరసలోంచి రెత్నో మేడమ్ లేచింది. "అది సరే బుపాతిగారూ, ఇంతకీ మీ జిల్లాలో వాన ఎందుకు పడడం లేదు?"

బుపాతిగారు కొండవైపు చూశారు, బావమరిదివైపు చూశారు, చివరికి తాతవైపు చూశారు. ముఖం వెలిగిపోయింది.

"మీరే కళ్లారా చూశారు కదా మేడమ్! ఇదుగో, ఈయనే ఆపుతున్నాడు!"

జరీగుడ్డ కప్పిన భుజాన్నే పోలీసులు పట్టుకున్నారు.

"నాకు వాన ఆపడం రాదు!" తాత అరిచాడు. "ఏనాడూ రాలేదు! పొద్దున్నే అడవిమీద మంచు లేస్తే మధ్యాహ్నం వాన పడుతుందని తెలిసేది. సభ పొద్దున్నే పెట్టుకోమనేవాణ్ణి. అదే నా విద్య! అడవే కొట్టేశాక ఇంకేం చూసి చెప్పను?"

"చూశారా, అబద్ధాలు కూడా ఆడుతున్నాడు!" అన్నారు బుపాతిగారు. జీవితమంతా కోతలు కోస్తే నమ్మిన జిల్లా, మొదటిసారి నిజం చెబితే నమ్మలేదు. రెత్నో మేడమ్ గడియారం చూసుకుని, "కారణం స్థానికమే అన్నమాట," అని విమానానికి వెళ్లిపోయింది.

బుపాతిగారు బూట్లు దులుపుకుంటూ నన్ను పిలిచారు. "రుస్లీ, వచ్చేవారం అవతలి కొండమీద కొత్త తోటకి ప్రారంభోత్సవం. వాన ఆపేవాణ్ణి వెతుకు. ఈసారి నమ్మకస్తుణ్ణి చూడు!"

తాత నీళ్ల సీసా, నా సీసా తీసుకుని రొకాయా అవ్వ దగ్గరికి వెళ్లాను. గటగటా తాగి, "మీ తాతేడీ?" అంది.

"వాన ఆపాడని పట్టుకెళ్లారవ్వా."

అవ్వకు నవ్వాగలేదు. "ఆయనా? వాన ఆపాడా? ఈ ఇంటికప్పు కారడమే ఆపలేకపోయాడు కదరా!"

నవ్వుతూనే చిల్లుపడ్డ కప్పువైపు చూసింది. దాని కింద ఎప్పుడో పెట్టిన గిన్నెలో బూడిద పేరుకుంది.