కూలర్ ఇటు తిప్పమని అడగబోయిన సామ్యూల్

పన్నెండేళ్ల కాపురంలో సామ్యూల్ ఒక్కసారి కూడా కూలర్ గాలికి పడుకోలేదు. పాతబస్తీ మొఘల్‌పురాలో వాళ్లది ఒకటే గది, ఒకటే కూలర్. గాలంతా భార్య స్వీటీకి, చప్పుడంతా ఇతగాడికి. కొంచెం ఇటు తిప్పమని అడగాలని ప్రతి ఎండాకాలం నోరు తెరుస్తాడు. "నీళ్లు గావాల్నా?" అంటుంది స్వీటీ. తాగి పడుకుంటాడు.

ఈ మే నెలలో ఫోన్ వీడియోలో ఒక గురువు దొరికాడు. ఎవరూ ఒప్పుకోని కోరికలు కోరుతూ పోవాలట. పదిమంది 'కుదరదు పో' అంటే భయం వదిలిపోతుంది, ఆపైన ఎవర్నైనా ఏదైనా అడగొచ్చట. తిట్లు తినడంలో తనకు అనుభవం ఉంది కదా అని, ఆదివారం చర్చి అయిపోగానే సామ్యూల్ బయలుదేరాడు.

మొదట ఇరానీ హోటల్‌కు వెళ్లి, కాసేపు మీ కుర్చీలో కూర్చుంటానని గల్లా దగ్గరి సేఠ్‌ను అడిగాడు. సేఠ్ "బైఠో భాయ్" అని లేచి భోజనానికి ఇంటికెళ్లిపోయాడు. బిస్కట్లు ఎందుకు మెత్తబడ్డాయో వచ్చినవాళ్లందరికీ సంజాయిషీ చెప్పుకుంటూ సామ్యూల్ నాలుగింటిదాకా కూర్చున్నాడు.

తర్వాత ధూల్‌పేట్. విగ్రహాలు చేసే రాజన్నను, మూలనున్న మనిషెత్తు ఎలుకను ఊరికే ఇమ్మన్నాడు.

"తీస్కపో అన్నా. దీనిమీది వినాయకుడు పోయినేడే పోయిండు, ఇదొక్కటి మిగిలింది" అని రాజన్న తానే ఆటోలోకి ఎక్కించాడు.

ఇక పక్కింటి ఖలీల్ భాయ్. ప్రాణంలా పెంచుకుంటున్న మేకను ఒక్కరోజుకు ఇమ్మంటే ఎంత శాంతమూర్తి అయినా తిట్టాలి. ఖలీల్ భాయ్‌కి కళ్లు చెమ్మగిల్లాయి, పక్కింటివాడు ఇన్నేళ్లకు నోరు విడిచి ఒకటి అడిగాడని. మేకతోపాటు గడ్డీ, దాని పరుపూ పంపించాడు. పాతబస్తీలో అడిగినవాడికి లేదనడం మర్యాద కాదని ఆ ఫోన్ గురువుకు ఎవరూ చెప్పినట్టు లేదు.

స్వీటీ ఎలుకను, మేకను, మొగుణ్ని వరసగా చూసింది. ఆమె నోరు తెరిచేలోపే సామ్యూల్ కళ్లు మూసుకుని అడిగేశాడు.

"కూలర్ నా దిక్కు తిప్పు."

"తిప్ప. ఏం జేస్తవో చేస్కో."

సామ్యూల్‌కు బాధ కలగాల్సింది, గర్వం కలిగింది. ఊరంతా తిరిగినా దొరకని మాట ఇంట్లో దొరికింది. ఆ ఊపులో తన సాధన అంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. స్వీటీ శ్రద్ధగా వింది. ఇంత మంచి విద్య తానూ నేర్చుకుంటానంది. అడగమన్నాడు సామ్యూల్, గురువులా గొంతు సవరించుకుని.

"రేపటి సంది కూలర్ల నీళ్లు నువ్వే పొయ్యాలె. పొద్దుగాల రెండు బిందెలు, మాపటికి రెండు."

"గట్లనే" అన్నాడు సామ్యూల్. కాదనడం ఎలాగో ఆ వీడియోలో చెప్పలేదు మరి.

ఇంతలో మేక "మే" అంది. పాపం ఉక్కపోస్తున్నట్టుందని, స్వీటీ లేచి కూలర్‌ను దానివైపు తిప్పింది.

స్వీటీ వంట మూలకు తిరగ్గానే సామ్యూల్ మేక పరుపు పక్కన చతికిలబడి, జర జరుగుతవా అని మేకను మెల్లగా అడిగాడు.

ఖలీల్ భాయ్ పెంపకం కదా, అది జరిగి చోటిచ్చింది.