వాషింగ్ మెషీన్ దగ్గర పాట నేర్చిన పిట్ట

పాటపిట్టలు అంతరించిపోతున్నాయని గుండెలు బాదుకునే వాళ్లందరికీ నాదొక విన్నపం. దయచేసి వాటి మానాన వాటిని పోనివ్వండి!

తెల్లవారకముందే కిటికీలో కూర్చుని కచేరీ పెట్టే జీవిని ఎవరు భరిస్తారండీ? అలారానికైతే నోరు నొక్కడానికి మీట ఉంటుంది. పిట్టకేముంది? మా కాలనీవాళ్లు తెలివైనవాళ్లు కనుక, కార్లకు చోటు చాలడం లేదని పొదలన్నీ పీకించి నేలంతా సిమెంటు చేయించారు. మిగతా పని ఎండలు చూసుకున్నాయి. వేసవి ముందే వచ్చేస్తోంది, పురుగులూ ముందే పుట్టి ముందే పోతున్నాయి. పిట్టపిల్లలు గుడ్డు పగలగొట్టుకుని నోరు తెరిచేసరికి వడ్డన అయిపోతోంది. ఆలస్యంగా వెళ్తే మా ఆఫీసు క్యాంటీన్‌లో మాత్రం ఏం మిగులుతుంది?

చివరికి ఒక్క కుర్రపిట్ట మిగిలింది. దానికి పాట రాదు. పిల్లపిట్టలు పెద్దపిట్టల దగ్గర పాట నేర్చుకోవాలట. పెద్దలెవరూ లేకపోయేసరికి ఇది మా బాల్కనీలోని వాషింగ్ మెషీన్ దగ్గర శిష్యరికం చేసింది. ఉతకడం అయ్యాక మెషీన్ పాడే ముక్కను పొల్లు పోకుండా పట్టేసింది! అది కూసినప్పుడల్లా ఉతకడం అయిపోయిందనుకుని మా ఆవిడ బకెట్టు పట్టుకుని రోజంతా బాల్కనీకీ వంటింటికీ తిరుగుతోంది. ఒంటికి మంచిదే కదా?

"నవ్వకు మావయ్యా," అంది పక్షుల మీద పరిశోధన చేసే మా మేనకోడలు. "ఆ కూత విని ఏ ఆడపిట్టా దాని దగ్గరికి రాదు. ఈ చుట్టుపక్కల మిగిలిన మగపిట్ట ఇదొక్కటే. దీనికి జత కుదరకపోతే ఇక్కడ ఆ జాతి అయిపోయినట్టే."

ఈ సంగతి మా అసోసియేషన్ సెక్రటరీ చెవిన పడింది. ఆయన మనసు వెన్న. ఎక్కడినుంచో అసలైన పాటపిట్ట రికార్డింగు తెప్పించి, మేడ మీద స్పీకరు పెట్టించాడు. కుర్రపిట్ట విని దిద్దుకుంటుందట! దానికి నేర్చుకునే వయసు దాటిపోయిందని మా మేనకోడలు చెప్పబోయింది. అప్పటికే రిబ్బను కత్తిరించేశారు.

మీరు నమ్మరు గానీ, ఆడపిట్ట వచ్చింది! వచ్చి, స్పీకరు మీద మనసు పారేసుకుంది. తప్పు పట్టడానికేం లేదు. గొంతు బాగుంది, నిలకడ ఉంది, ఇల్లు వదిలి తిరిగే అలవాటు లేదు. సంబంధం చూసేటప్పుడు ఇంతకంటే ఏం అడుగుతాం? స్పీకరు పక్కనే పుల్లలు చేర్చి గూడు కట్టుకుంది. కుర్రపిట్ట పిట్టగోడ మీద కూర్చుని, బట్టలు ఉతకడం అయిపోయిందని గొంతు చించుకుని చెబుతూనే ఉంది. ఆడపిట్ట తలైనా తిప్పలేదు. వేడుక చూద్దామని మేడెక్కిన నాకు నవ్వు రాలేదు. ఏడుపొచ్చినంత పనయింది.

"ఆ స్పీకరు ఆపించండి," అన్నాను సెక్రటరీతో.

"ఇప్పుడెలా ఆపుతాం సార్? గుడ్లు కూడా పెట్టింది. మన ప్రాజెక్టు సక్సెస్ అయింది," అన్నాడాయన.

ఆడపిట్ట ఆ గుడ్ల మీద మండుటెండలో కదలకుండా కూర్చుంది. "మగపిట్టతో జత కట్టకుండా పెట్టిన గుడ్లు. ఎన్నాళ్లు పొదిగినా అవి పిల్లలు కావు మావయ్యా," అంది మేనకోడలు. కమిటీ మాత్రం గుడ్ల ఫొటో నోటీసు బోర్డుకు అంటించి, వచ్చే ఏడాది మరో నాలుగు స్పీకర్లు కొనాలని తీర్మానించింది.

ఎండకు పాడైపోతుందని స్పీకరు మీద రేకు కూడా వేయించారు. దాని నీడ గూటి దాకా రాలేదు.