ఆగ్రాకు ముందు ఒక లీటరు

ఆదివారం పొద్దున్న ఆరింటికి బయలుదేరి పదింటికల్లా ఆగ్రా చేరాలన్నది ప్రణాళిక. వేసినవాడు సుబేదార్ కోదండరామయ్య. ఢిల్లీ కంటోన్మెంటులో సైన్యం బళ్ళకు పెట్రోలు కొలిచి పోయించడంలో ఇరవై రెండేళ్ళు గడిపిన మనిషి. ఆ వారమే లక్ష్మీ నగర్‌లో ఒక బట్టల వ్యాపారి దగ్గర పాత ఫియట్ కారు కొన్నాడు.

పని చిన్నదేమీ కాదు. ఆయన భార్య జానకికి ఒక్కడే తమ్ముడు, భీమారావు. తల్లి పోయాక ఆమే అన్నం కలిపి పెట్టి పెంచింది. ఆగ్రాలో తనూ సైన్యంలోనే నాయక్‌గా ఉన్న అతన్ని సరిహద్దుకు బదిలీ చేశారు. మధ్యాహ్నం రెండింటికి రైలు. తమ్ముణ్ణి చూసి అప్పటికే మూడేళ్ళయింది. మళ్ళీ సెలవెప్పుడో దేవుడికెరుక.

నాలుగింటికే లేచి పులిహోర కలిపి, బుట్ట సర్దుకుని, ఐదింటికి జానకి బయటికొచ్చేసరికి కారు బానెట్ ఎత్తి ఉంది. మొగుడుగారు పట్టు లాల్చీ వేసుకుని, లోపల ఒక గాజుసీసాను పురికొసతో వేలాడగట్టి దానికి రబ్బరు గొట్టం తగిలిస్తున్నారు.

"ఇదేంటండీ, కారుకు సెలైన్ ఎక్కిస్తున్నారా?"

"పెట్రోలు ముల్లు పనిచెయ్యట్లేదే. ట్యాంకు నిండా పోయించాను, సరే. ఆ నిండు ట్యాంకు ఎంతదూరం వస్తుందో తెలియకుండా పోనూ రానూ నాలుగొందల కిలోమీటర్లు ఎలా పోతాం? ఈ సీసాలో సరిగ్గా లీటరు పోశా. ఎక్కడ ఆగితే అక్కడికి లీటరు లెక్క తేలుతుంది."

"దారిలో పెట్రోలు బంకులు లేవా?"

ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆయన్ను ఇంత మాట ఎవరూ అనలేదు. "బంకు మూసుంటేనో? మా యూనిట్‌లో కొత్త బండేదైనా పరీక్ష కాకుండా గేటు దాటదు. నువ్వు కాఫీ తాగేలోపు వచ్చేస్తా."

"తమ్ముడి రైలు రెండింటికి. గుర్తుందా?"

"గుర్తుండబట్టేగా ఈ తిప్పలు!"

పరీక్షకు సాక్షి ఉండాలన్నది కూడా యూనిట్ పద్ధతే. కాబట్టి పక్క క్వార్టర్‌లో ముసుగుతన్ని పడుకున్న హవల్దార్ క్లర్కు పెద్దిరాజును లేపి, చేతికి ఒక నోటుబుక్కిచ్చి ముందుసీట్లో కూర్చోబెట్టుకున్నాడు. మొదటి లీటరుకు కారు తొమ్మిది కిలోమీటర్లు నడిచి ఆగింది.

"తొమ్మిది, సాబ్. ఈ లెక్కన ఆగ్రా చేరతాం గానీ ఇల్లు చేరం. దారిలో ఓ ఐదు లీటర్లు పోయించుకుంటే..."

"ఒక్కసారి చూస్తే అది పరీక్షటయ్యా? మూడుసార్లు చూసి సగటు తియ్యాలి."

డిక్కీలో ఉన్న డబ్బాలోంచి రెండో లీటరు పోశారు. ఈసారి పదమూడు వచ్చింది. సంతోషించి ఇంటికి పోవలసిన మనిషి, తొమ్మిదికీ పదమూడుకీ పొంతన కుదరక మూడోది పోశాడు. ఆ మూడో లీటరు ఆరున్నరకు ఒక సైనిక గిడ్డంగి గేటుకు సరిగ్గా ఎదురుగా అయిపోయింది.

అది ఎనభై అయిదో సంవత్సరం. బస్సు సీటు కింద టిఫిను డబ్బా కనిపించినా బాంబేమోనని ఢిల్లీ జనం దిగి పరుగెత్తుతున్న రోజులు. గేటు దగ్గర కాపలా జవాను చూసిందేమిటంటే, ఎత్తిన బానెట్, అందులో తాడుకు వేలాడే సీసా, గొట్టం, పక్కన గడియారం చూసి అంకెలు రాసుకుంటున్న ఒక మనిషి. అతను ఈల ఊది తుపాకి ఎత్తి, కదలొద్దని హిందీలో అరిచాడు.

"హిల్‌నా మత్!"

పెద్దిరాజు నోటుబుక్కుతో సహా చేతులెత్తాడు.

గార్డు గదిలో కుర్ర కెప్టెన్ గుర్తింపు కార్డు అడిగాడు. కార్డు యూనిఫారం జేబులో ఉంది, యూనిఫారం ఇంట్లో ఉంది. జీపు పంపితే ఇంటికి తాళం వేసి ఉంది. కుటుంబం పరారీ అని రాసుకున్నారు. కారు కాగితాల్లో ఉన్న లక్ష్మీ నగర్ నంబరుకు ఫోను చేస్తే, పోలీసులనుకుని హడలిపోయిన వ్యాపారి తనకు కారే లేదనీ, తమ వంశంలోనే ఎవరికీ లేదనీ చెప్పి పెట్టేశాడు. పోనీ యూనిట్ ఆఫీసుకు చేస్తే ఎంతసేపటికీ ఎవరూ ఎత్తలేదు.

"ఆదివారం డ్యూటీ క్లర్కు ఎవరయ్యా, దున్నపోతులా నిద్రపోతున్నాడు?" అన్నాడు కోదండరామయ్య కోపంగా.

"నేనే, సాబ్," అన్నాడు పెద్దిరాజు.

పదయింది, పదకొండయింది. తాళం మాట విన్నప్పటినుంచి కోదండరామయ్యకు ప్రాణం ప్రాణంలో లేదు. "నన్ను వెతుక్కుంటూ రోడ్లు పట్టుకు తిరుగుతోందయ్యా. తల్లిలా పెంచుకుంది వాణ్ణి. కడసారి చూడనివ్వలేదు నేను. బుద్ధి గడ్డితిన్నది నాకు," అని పట్టు లాల్చీతోనే కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ కన్నీళ్ళు చూశాక కెప్టెన్‌కు కొంత నమ్మకం కలిగి, పన్నెండున్నరకు ఆగ్రాలో భీమారావు యూనిట్‌కు ఫోను కలిపించాడు. కాసేపు విని కనుబొమలు ఎత్తాడు. భీమారావు వాళ్ళ అక్క అక్కడే ఉందట. అయితే ఆమెనే పిలవమన్నాడు. మీ ఆయన ఎక్కడున్నారో తెలుసా అని అడిగాడు. జానకి తనకొచ్చిన కూరగాయల బజారు హిందీలో నింపాదిగా జవాబిచ్చింది. ఆగ్రాకు పెట్రోలు సరిపోతుందో లేదో చూడటానికి తెల్లారగట్ల సీసా పట్టుకుని బయలుదేరారనీ, ఇంకా చూస్తూనే ఉంటారనీ.

కెప్టెన్ అటు తిరిగి దగ్గు నటించి ఫోను సుబేదారుకిచ్చాడు.

"ఎలా వెళ్ళావే?"

"బస్సులో. ఆరున్నరదాకా మెట్లమీద నుంచుని చూశా. ఇక మీ లెక్క తేలదని తాళం వేసి వచ్చేశా. వాడు పులిహోర రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు. మీరేరని అడిగాడు."

"ఏం చెప్పావు?"

"డ్యూటీ పడిందని చెప్పా."

ఇంతలో అవతల భీమారావు అందుకున్నాడు. "బావా, డ్యూటీ కదా, నేనేం అనుకోను. మీరు బాధపడకండి. అక్క జాగ్రత్త."

"నువ్వు జాగ్రత్తరా," అన్నాడు కోదండరామయ్య.

ఒంటిగంటకు వదిలిపెట్టారు. రెండింటి రైలుకు ఇక ఏ కారూ అందదు. సాయంత్రం ఏడింటికి ఆగ్రా బస్సు ఢిల్లీ అంతర్రాష్ట్ర బస్‌స్టాండులో ఆగేసరికి కోదండరామయ్య అక్కడ నిలబడి గంటన్నర దాటింది. జానకి ఏడ్చి ఉబ్బిన కళ్ళతో, ఖాళీ బుట్టతో దిగింది. ఆయన బుట్ట అందుకున్నాడు. ఆమె అటూ ఇటూ చూసి, "కారేదండీ?" అంది.

"నిన్ను టైముకు అందుకోవాలి కదా, బస్సులో వచ్చా."